బావి నీటిలో బ్యాక్టీరియా పరీక్ష: ఏ ఇంటికి ఏ పద్ధతి తగినది

మా ఊరు కోనసీమలో ఉంది. వేసవిలో కాలువలు కట్టేశాక మా పెరటి బావిలో చేదను తాడు చివరిదాకా వదిలితే గాని నీరు అందదు. జూన్‌లో కాలువలకు నీరు వదిలి, ఆ వెనుకే వానలు పట్టుకున్నాయంటే, అదే బావిలో నీరు వంగి చెంబుతో ముంచుకోవచ్చునేమో అనిపించేంత పైకి వస్తుంది. అలా పైకి వచ్చే నీరు పక్కింటి సెప్టిక్ ట్యాంకు అడుగునూ, పశువుల పాక వెనుకనున్న పెంటకుప్ప కింది మట్టినీ తడుపుకుంటూ వస్తుంది కనుక, ఇంట్లో పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు అందరి చూపూ బావి వైపే తిరుగుతుంది. అప్పుడు ‘నీళ్లు పరీక్ష చేయించండి’ అని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు గాని, ఏ పరీక్ష చేయించాలో, ఏ సీసాలో ఎక్కడికి పట్టుకెళ్లాలో చెప్పేవారు తక్కువ.

ఒక ఇంటివారికి అందుబాటులో ఉన్న మార్గాలు ప్రధానంగా నాలుగు. ఇంట్లోనే చేసుకోగల హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసా ఒకటి, రంగు మారే పొడితో చేసే ఎంజైమ్ పరీక్ష మరొకటి. ప్రభుత్వ నీటి పరీక్షా కేంద్రం, ప్రైవేటు ల్యాబ్ మిగిలిన రెండు. నా అనుభవంలో ధర కంటే, ల్యాబ్‌కున్న పేరు కంటే ఎక్కువగా ఈ ఎంపికను తేల్చేది బావి గట్టు నుంచి ల్యాబ్ బల్ల దాకా సీసా చేరడానికి పట్టే సమయం. ఆ లెక్క కాస్త ముందుకు వెళ్లాక వస్తుంది.

ఇంతకీ పరీక్ష దేనికోసం వెతుకుతుంది?

తెలుగునాట నీటి పరీక్ష అనగానే చాలామందికి నల్లగొండ ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. ఫ్లోరైడ్ వంటి రసాయనాలు నేలలోని రాతి నుంచి నీటిలోకి దిగేవి కనుక వాటి మోతాదు నెమ్మదిగా మారుతుంది. ఒకసారి చేయించిన పరీక్ష ఫలితం ఏడాది పాటు పనికి వస్తుంది. బ్యాక్టీరియా సంగతి అలా కాదు. నిన్న శుభ్రంగా ఉన్న బావి రాత్రి కురిసిన ఒక్క వానతో ఈ రోజు చెడిపోవచ్చు. అందుకే ఊళ్లలో ఇంటింటికీ కుళాయి నీరు అందించే కేంద్ర పథకమైన జల జీవన్ మిషన్ నిబంధనలు రసాయన పరీక్ష ఏడాదికి ఒకసారి చాలంటూనే, బ్యాక్టీరియా పరీక్షను వానలకు ముందూ తర్వాతా రెండుసార్లు చేయమంటాయి.

కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు కలిగించే క్రిములను ఒక్కొక్కదాన్నే వెతకడం ఖర్చుతో కూడిన పని, పైగా ఒక్క సీసా నీటిలో అవి దొరకకపోయినంత మాత్రాన బావిలో లేవని చెప్పలేము. అందుచేత పరీక్షలన్నీ ఒక ఆనవాలు కోసం చూస్తాయి. మనిషి పేగుల్లోనూ పశువుల పేగుల్లోనూ కోట్ల సంఖ్యలో నివసించే ఇ.కోలై అనే బ్యాక్టీరియా నీటిలో కనిపించిందంటే, ఆ నీటిలో మలం కలిసిందని అర్థం; మలం కలిసిన చోటికి రోగక్రిములు కూడా ఎప్పుడైనా రావచ్చు. 1885లో థియోడోర్ ఎషెరిష్ అనే వైద్యుడు పసిపిల్లల మలంలో దీన్ని తొలిసారి గుర్తించి వర్ణించాడు. కోలిఫాం అనేది ఇంతకంటే పెద్ద కుటుంబం. అందులో మట్టిలోనూ ఆకుల మీదా సహజంగా బతికే రకాలు కూడా ఉంటాయి. తాగునీటికి మన దేశంలో వర్తించే ఐఎస్ 10500 ప్రమాణం, 2012 నాటి కూర్పు ప్రకారం, 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ.కోలై గాని, మొత్తం కోలిఫాంలు గాని కనిపించకూడదు. ఈ 100 మిల్లీలీటర్లన్న మాటను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కొన్ని పరీక్షలు అంత నీటిని అసలు చూడవు.

పరీక్ష కానివి

మార్గాలను పోల్చే ముందు, పరీక్ష పేరుతో చలామణీ అయ్యే రెండింటిని పక్కన పెట్టాలి. మొదటిది టీడీఎస్ మీటరు. పెన్నులా ఉండే ఆ సాధనం నీటిలో కరిగిన లవణాలను మాత్రమే అంచనా వేస్తుంది. మురుగు కలిసిన వాన నీటికి అది 80 చూపించవచ్చు, నిక్షేపమైన బోరు నీటికి 600 చూపించవచ్చు. బ్యాక్టీరియా గురించి దానికి ఏమీ తెలియదు.

రెండోది ఇంటికి వచ్చి ఆర్వో యంత్రాలు అమ్మేవారు చేసే ప్రదర్శన. ఒక గ్లాసులో మన బావి నీరు, మరో గ్లాసులో యంత్రం నీరు పోసి, రెండింటిలోనూ లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. రెండు నిమిషాల్లో బావి నీరు తుప్పు రంగులోకి తిరిగి, పైన తెట్టు కడుతుంది. యంత్రం నీరు అలాగే తేటగా ఉంటుంది. చూస్తున్నవారికి కడుపులో తిప్పినట్లవుతుంది. నిజానికి అక్కడ జరిగేది ఇదీ: బావి నీటిలో లవణాలు ఉన్నాయి కనుక కరెంటు ప్రవహిస్తుంది, కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది, యంత్రం నీటిలో లవణాలు తక్కువ కనుక కరెంటు పారదు, ఇనుము కరగదు. ఈసారి అలాంటివారు వస్తే, యంత్రం నీళ్ల గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి. అది కూడా అదే రంగుకు తిరుగుతుంది.

హెచ్‌టూఎస్ సీసా

మలసంబంధ బ్యాక్టీరియాను అతి తక్కువ ఖర్చుతో పట్టే పద్ధతి ఇదే. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనా సంస్థలో మాంజా, మౌర్య, రావు అనే శాస్త్రజ్ఞులు రూపొందించిన ఈ పద్ధతిని 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించారు. చిన్న సీసాలో ఆహార పదార్థాలూ ఇనుప లవణమూ పట్టించి ఆరబెట్టిన కాగితపు ముక్కో పొడో ఉంటుంది. గీత దాకా, సాధారణంగా 20 మిల్లీలీటర్లు, నీరు పోసి, మూత బిగించి, 30 నుంచి 37 డిగ్రీల వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. పేగుల్లో బతికే కొన్ని బ్యాక్టీరియాలు పెరుగుతూ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తాయి. అది ఇనుముతో కలిసి నీటిని సిరా పోసినట్లు నల్లగా మారుస్తుంది. ఒక సీసా ధర వంద రూపాయల లోపే ఉంటుంది. జల జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇచ్చి కిట్లు అందించాలన్న నిబంధన ఉంది కనుక, ముందుగా పంచాయతీ కార్యదర్శిని అడిగితే డబ్బు పెట్టకుండానే పని జరగవచ్చు.

దీని మేలు ఏమిటంటే ల్యాబ్ అవసరం లేదు, ప్రయాణం లేదు. కోస్తాలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంటి గది వేడి చాలు. జనవరిలో అరకు, పాడేరు వైపు మాత్రం సీసాను గుడ్డలో చుట్టి వెచ్చని చోట పెట్టి, పూర్తి రెండు రోజులు ఆగాలి. లోపాలు కూడా ఉన్నాయి. అందరూ ఆనవాలుగా తీసుకునే ఇ.కోలై సాధారణంగా ఈ వాయువును విడుదల చేయదు. ఈ సీసా పట్టేది దానితో పాటు తిరిగే సాల్మొనెల్లా, సిట్రోబాక్టర్, క్లోస్ట్రీడియం వంటి వాటిని. ఇక 100 మిల్లీలీటర్లకు ఒక్క క్రిమి ఉన్న నీటిలోంచి 20 మిల్లీలీటర్లు తీస్తే, ఆ క్రిమి మీ సీసాలోకి వచ్చే అవకాశం ఐదింట ఒక వంతు మాత్రమే. కాబట్టి నల్లబడిన సీసాను నమ్మినంతగా తేటగా ఉన్న సీసాను నమ్మకూడదు. ఒకేసారి మూడు సీసాలు పెట్టి, వాటిలో ఒక్కటి నల్లబడినా చెడ్డదిగానే లెక్కించడం నాకు అలవాటు.

నల్లబడిన సీసాను కూడా నమ్మలేని సందర్భం ఒకటుంది. మా బంధువుల ఇంటి బోరు నీటికి మొదటి నుంచీ కుళ్లిన గుడ్డు వాసన ఉండేది. అందులోని నీటిని సీసాలో పోసి మూత పెట్టానో లేదో, కాఫీ తాగి వచ్చేసరికి సీసా నల్లగా ఉంది. ఇంట్లో ఆడవాళ్లు కంగారుపడ్డారు. కాని బ్యాక్టీరియా పెరిగి వాయువును వదలడానికి కనీసం కొన్ని గంటలు, సాధారణంగా రాత్రంతా పడుతుంది. పావుగంటలో నల్లబడిందంటే ఆ నీటిలో సల్ఫైడ్ ముందే కరిగి ఉందన్న మాట. తర్వాత ల్యాబ్‌లో చేయించిన పరీక్షలో ఆ నీటిలో ఇ.కోలై కనబడలేదు. కుళ్లు వాసన ఉన్న బోర్లకు ఈ సీసా తగదు. వాటికి నేరుగా ల్యాబ్‌కే వెళ్లాలి.

ఉపయోగించిన సీసాలో లక్షల కొద్దీ క్రిములు పెరిగి ఉంటాయి. దాన్ని వంటింటి సింకులో వంపకుండా, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీటిని అందులో నింపి అరగంట ఉంచి మరుగుదొడ్లో పారబోయాలి.

ఎంజైమ్ పరీక్ష

100 మిల్లీలీటర్ల నీటిలో ఒక పొడి కలిపి, 35 డిగ్రీల వేడిలో 24 గంటలు ఉంచితే, కోలిఫాంలు ఉంటే నీరు పసుపు పచ్చగా మారుతుంది, ఇ.కోలై ఉంటే ఆ పసుపు నీరే అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరుస్తుంది. కోలిలర్ట్ పేరుతో దొరికేది ఈ రకమే. మట్టి నుంచి వచ్చిన కోలిఫాంనూ, మలం నుంచి వచ్చిన ఇ.కోలైనూ ఒకే రోజులో విడదీసి చెప్పడంలో దీనికి సాటి లేదు. అయితే వేడి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఫలితం నమ్మదగినదిగా ఉండదు కనుక వేడిని ఒకే స్థాయిలో నిలిపే ఇంక్యుబేటర్ పెట్టె కావాలి, సరైన తరంగదైర్ఘ్యం గల దీపం కావాలి, పైగా వీటిని ఎక్కువగా పెట్టెల లెక్కన ల్యాబ్‌లకే అమ్ముతారు. ఒక్క ఇంటికి ఇది దండుగ. ముప్పై నలభై బావులున్న వీధి గాని, సొంత బోర్లున్న బడి గాని, గేటెడ్ కాలనీ సంఘం గాని కలిసి కొనుక్కుంటే మాత్రం బాగా గిట్టుబాటవుతుంది.

ఇదే సూత్రంతో ఒక్క మిల్లీలీటరు నీటిని పరీక్షించే పలుచని ప్లేట్లు కూడా ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. వాటిని ఆహార పరిశ్రమ కోసం తయారు చేశారు. తాగునీటికి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదన్న ప్రమాణం ముందు ఒక్క మిల్లీలీటరు చూసి ‘ఏమీ లేదు’ అనడం, గోనెడు బియ్యంలోంచి చిటికెడు తీసి రాళ్లు లేవన్నట్లే ఉంటుంది.

ప్రభుత్వ కేంద్రమా, ప్రైవేటు ల్యాబా?

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లా స్థాయిలోనూ, దానికి దిగువనా పరీక్షా కేంద్రాలున్నాయి. తెలంగాణలో మిషన్ భగీరథ పరిధిలో ఇవి నడుస్తాయి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ తర్వాత ఇలాంటి కేంద్రాలు నామమాత్రపు రుసుముతో సాధారణ ప్రజల నమూనాలను కూడా తీసుకోవాలని నిర్దేశించారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ పాతకాలం నుంచీ ఈ పని చేస్తున్నది. ప్రభుత్వ కేంద్రం బలం రుసుము తక్కువ కావడం ఒక్కటే కాదు, పంచాయతీలోనో అధికారుల ముందో ఆ నివేదికకు విలువ ఉంటుంది. బలహీనత ఏమిటంటే, పథకాల కింద వచ్చే నమూనాల రద్దీ ఉన్నప్పుడు ఇంటి బావి వంతు ఆలస్యం కావచ్చు, కొన్ని చిన్న కేంద్రాల్లో రసాయన పరీక్షలు తప్ప బ్యాక్టీరియా పరీక్ష ఉండదు. బస్సెక్కే ముందు ఫోన్ చేసి ‘ఇ.కోలై పరీక్ష 100 మిల్లీలీటర్లకు చేస్తారా, ఏ రోజుల్లో నమూనా తీసుకుంటారు, సీసా మీరే ఇస్తారా’ అన్న మూడు ప్రశ్నలూ అడగాలి.

ప్రైవేటు ల్యాబ్‌లో మొదట చూడవలసినది, ల్యాబ్‌ల పనితీరును తనిఖీ చేసే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ ఇచ్చే గుర్తింపు. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఆ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి ఒక్క ముద్రగా రాదు. ఏయే పరీక్షలకు ఇచ్చారో ఒక జాబితా ఉంటుంది. నీటి రసాయన పరీక్షలకు గుర్తింపు ఉండి, సూక్ష్మజీవుల పరీక్షలకు లేని ల్యాబ్‌లు ఉంటాయి. గోడ మీద సర్టిఫికెట్ చూసి ఊరుకోకుండా, నీటిలో ఇ.కోలై పరీక్ష ఆ జాబితాలో ఉందో లేదో అడగండి. ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లోనూ అది కనిపిస్తుంది. రుసుము వందల నుంచి వేల దాకా ఉంటుంది. ‘పూర్తి ప్యాకేజీ’ అని ముప్పై అంశాల పట్టిక చూపిస్తే తొందరపడనక్కర్లేదు. మీ అనుమానం బ్యాక్టీరియా మీదైతే ఇ.కోలై, మొత్తం కోలిఫాంలు అన్న రెండు వరుసలు చాలు.

లోపల జరిగే పద్ధతులు రెండు రకాలు. మెంబ్రేన్ పద్ధతిలో 100 మిల్లీలీటర్ల నీటినీ 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పొర గుండా లాగి, పొర మీద చిక్కిన క్రిములను పెంచి, చుక్కలుగా లెక్కపెడతారు. ఎంపీఎన్ పద్ధతిలో నీటిని పలు గొట్టాలలో వేర్వేరు మోతాదుల్లో పోసి, ఎన్ని గొట్టాల్లో వాయువు పుట్టిందో చూసి, పట్టిక సాయంతో సంఖ్యను అంచనా వేస్తారు. మొదటిది సుమారు ఒక రోజులో తేలుతుంది. రెండోది నిర్ధారణతో కలిపి నాలుగు రోజుల దాకా పట్టవచ్చు. తేటగా ఉండే బోరు నీటికి మెంబ్రేన్ మేలు. వానల తర్వాత బురదగా ఉండే బావి నీటికి ఎంపీఎన్ నయం, ఎందుకంటే బురద పొర రంధ్రాలను మూసేస్తుంది.

సీసా చేసే మోసం

కొన్నేళ్ల క్రితం మా బావి నీటిని నేను స్వయంగా జిల్లా కేంద్రానికి పట్టుకెళ్లాను. ఇంట్లో ఉన్న కూల్‌డ్రింక్ సీసాను సబ్బుతో కడిగి, అదే బావి నీటితో మూడుసార్లు జాడించి, నింపి, సంచిలో వేసుకుని రెండు బస్సులు మారాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి సీసా పైకెత్తి చూసి, ‘ఇది ఎన్నింటికి పట్టారండీ?’ అని అడిగింది. పొద్దున్న ఆరింటికని చెప్పాను. అప్పుడు మధ్యాహ్నం రెండైంది. ‘మీ సీసా లోపల ఉన్నదీ, బావిలో ఉన్నదీ కలిపి చెబుతాం గాని, విడదీసి చెప్పలేం కదండీ’ అంది. ఆ రోజు క్రిములు లేకుండా ఉడికించిన సీసాను ఒకటి ఇచ్చి పంపించింది. మళ్లీ అంత దూరం తిరగవలసి వచ్చినందుకు చిరాకు పడ్డాను గాని, తప్పు నాదే.

నీరు సీసాలో నిలిచిన క్షణం నుంచి అందులోని బ్యాక్టీరియా మారుతూ ఉంటుంది. వెచ్చగా ఉంటే కొన్ని పెరుగుతాయి, కొన్ని చచ్చిపోతాయి; ఏది జరిగినా వచ్చే సంఖ్య మీ బావిది కాదు. అందుకే నమూనాను ఐసు మధ్య పెట్టి ఆరు గంటల లోపు ల్యాబ్‌కు చేర్చాలి, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకూడదు. మొదట నేను చెప్పిన గంటల లెక్క ఇదే. మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న పేరున్న ల్యాబ్‌కు కొరియర్‌లో పంపిన సీసా కంటే, పక్క పట్టణంలోని మామూలు కేంద్రానికి గంటలో చేర్చిన సీసా నిజం చెబుతుంది. ఆ దగ్గరి కేంద్రం కూడా లేని ఊళ్లకు హెచ్‌టూఎస్ సీసాయే సరైన ఎంపిక. అక్కడ అది సర్దుబాటు మాత్రమే అనుకోనక్కర్లేదు.

సీసా ల్యాబ్ ఇచ్చినదే కావాలి. అది దొరకనప్పుడు గాజు సీసానూ మూతనూ కడిగి, మూతను వదులుగా పెట్టి, ప్రెషర్ కుక్కర్‌లో విజిల్ వచ్చాక ఇరవై నిమిషాలు ఉంచి, చల్లారాక తీయకుండా మూత బిగించాలి. ల్యాబ్ సీసాలో అడుగున కనిపించే తెల్లని పొడిని కడిగేయకూడదు. నీటిలో క్లోరిన్ ఉంటే దాన్ని అణచడానికి వేసిన థయోసల్ఫేట్ అది. కుళాయి నుంచి పట్టేటప్పుడు దానికి కట్టిన గుడ్డనూ జల్లెడనూ తీసేసి, లోహపు కుళాయి అయితే స్పిరిట్‌లో ముంచిన దూది వెలిగించి మూతిని కాల్చి, ఐదు నిమిషాలు నీరు వదిలి, అప్పుడు పట్టాలి. మూతను నేల మీద పెట్టకుండా చేత్తోనే పట్టుకోవాలి. లోపలి అంచును తాకకూడదు. పైన అంగుళం ఖాళీ ఉంచాలి. తెరిచిన బావిలో అయితే సీసాకు కడిగిన రాయి కట్టి, శుభ్రమైన తాడుతో గోడకు తగలకుండా దించి, నీటి లోపలికి మునిగేలా చేయాలి. చేదతో తోడిన నీరు పోస్తే చేద పరీక్ష అవుతుంది, బావి పరీక్ష కాదు. ఆదివారం ముందు రోజు, పండుగ ముందు రోజు నమూనా తీసుకెళ్లకండి. గొట్టాలను రోజూ చూసేవారు ఉండాలి కనుక చాలా ల్యాబ్‌లు వారం మొదట్లోనే తీసుకుంటాయి.

రిపోర్టు చదవడం

మెంబ్రేన్ నివేదికలో ‘100 మి.లీ.లో లేదు’ అని ఉంటే అది మంచి ఫలితం. ఎంపీఎన్ నివేదికలో ‘2 కంటే తక్కువ’ అని ఉంటే సున్నా అని కాదు. ఐదేసి గొట్టాల చొప్పున మూడు వరుసలతో చేసే ఆ పరీక్ష మొత్తం కలిపి చూసింది 55.5 మిల్లీలీటర్లే గనుక, దాని చూపు అంతకంటే కిందికి ఆనలేదని మాత్రమే అర్థం. మామూలు ఇంటికి ఆ ఫలితాన్ని మంచిదిగానే తీసుకోవచ్చు.

మొత్తం కోలిఫాంలు ఉండి ఇ.కోలై లేకపోతే, బయటి మట్టి నీరు ఎక్కడో బావిలోకి దిగుతున్నదని అనుమానించాలి. ఒరల మధ్య సందులు, పగిలిన చప్టా, మూత లేకపోవడం, బావి పక్కనే బట్టలుతకడం వంటి వాటిని సరిచేసి మళ్లీ పరీక్షించాలి. ఇ.కోలై ఒక్కటి ఉన్నా ఆ రోజు నుంచే తాగే నీటిని కాచాలి; బుడగలు బాగా తెర్లేలా ఒక నిమిషం మరిగితే చాలు, అరగంట కాచి గ్యాసు దండుగ చేయనక్కర్లేదు. సంఖ్య వందలు దాటిందంటే దగ్గరలోనే మురుగు నేరుగా కలుస్తున్నదని భావించి, సెప్టిక్ ట్యాంకుకూ బావికీ మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉందో లేదో కొలిచి చూడాలి.

బ్లీచింగ్ చేసేవారికి ఒక లెక్క. నాలుగడుగుల ఒర, అంటే 1.2 మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల లోతు నీరున్న బావిలో సుమారు 3,400 లీటర్లు ఉంటాయి. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చొప్పున దానికి ఎనిమిదిన్నర గ్రాములు సరిపోతుంది. గంట ఆగి క్లోరిన్ చూసే చిన్న కిట్‌తో పరీక్షిస్తే లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలి ఉండాలి. మిగలకపోతే మళ్లీ కొంత కలపాలి. బ్లీచింగ్ వేసిన మర్నాడే నమూనా పట్టుకెళ్లేవారిని చూశాను. రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది, దాని వల్ల ప్రయోజనం ఉండదు. వారం పది రోజులు ఆగి, క్లోరిన్ వాసన పూర్తిగా పోయాక పట్టిన నీరే బావి అసలు పరిస్థితి చెబుతుంది.

ఎవరికి ఏది?

ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉండి, తెరిచిన బావి ఉన్నవారికి ఏడాదికి రెండు విడతల హెచ్‌టూఎస్ సీసాలు చాలు. డెల్టాలో అయితే కాలువలు వదిలి తొలి వానలు పడ్డాక ఒకసారి, వానలు తగ్గి నీరు నిలకడగా ఉన్నప్పుడు ఒకసారి పెట్టుకోవాలి. నల్లబడితే మాత్రం ఇంకో సీసా పెట్టి చూద్దామని కాలయాపన చేయకుండా, నీళ్లు కాచుకుంటూ ల్యాబ్‌లో ఇ.కోలై పరీక్ష చేయించాలి.

ఇంట్లో గర్భిణి ఉన్నా, పోతపాలు తాగే పసిబిడ్డ ఉన్నా సీసాతో సరిపెట్టుకోకూడదు. నీటి ద్వారా వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు నెలలు నిండుతున్న గర్భిణులకు ప్రాణాంతకం కాగలవు. ఇ.కోలై లేదన్న నివేదిక చేతికి వచ్చినా, ఆ వైరస్ క్లోరిన్‌కూ కాలానికీ ఇ.కోలై కంటే ఎక్కువగా తట్టుకుంటుంది కనుక, ఆ ఇళ్లలో నీరు కాచడం ఆపవద్దన్నది నా సలహా.

బావి వరదలో మునిగినప్పుడు పరీక్షకు డబ్బు పెట్టకండి. ఫలితం ముందే తెలిసినదే. నీరు తోడేసి, బ్లీచింగ్ చేసి, పది రోజుల తర్వాత పరీక్షించండి. ఇల్లో స్థలమో కొంటున్నవారు ప్రైవేటు ల్యాబ్‌లో సంఖ్యతో కూడిన నివేదికను రసాయన పరీక్షతో కలిపి తీసుకోవాలి. పొరుగువారి సెప్టిక్ ట్యాంకు మీద ఫిర్యాదు చేయాలనుకునేవారు ప్రభుత్వ సిబ్బందే వచ్చి నమూనా పట్టేలా చూసుకోవాలి, ఎందుకంటే మీరు పట్టిన సీసాను అవతలివారు ఒప్పుకోరు. అప్పుడు కూడా ఇ.కోలై ఉందని తెలుస్తుంది గాని అది ఏ ఇంటి ట్యాంకు నుంచి వచ్చిందో ఆ నివేదిక చెప్పదు. విచారణ జరిగితే మీ ట్యాంకే కారణమని తేలే ప్రమాదం కూడా ఉంటుంది.

హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో బోరు నీరు సంపులోకి, అక్కడి నుంచి పై ట్యాంకులోకి, ఆ తర్వాత కుళాయికి వస్తుంది కనుక, చెడింది ఎక్కడో తెలియాలంటే మూడు నమూనాలు కావాలి. మూడింటికీ డబ్బు లేకపోతే మొదట వంటింటి కుళాయి నీటినే పరీక్షించండి. అది బాగుంటే మిగిలిన రెండూ ప్రస్తుతానికి అక్కర్లేదు. అది చెడితే రెండో నమూనా బోరు దగ్గర పట్టాలి. బోరు బాగుండి కుళాయి చెడితే సంపు మూత తీసి లోపల టార్చి వేసి చూడండి. నేను చూసిన వాటిలో ఎక్కువసార్లు జవాబు ఆ మూత అంచున, కారు పార్కింగ్ కడిగిన నీరు దిగే సందు దగ్గరే కనిపించింది.